కాంగో స్క్వేర్ నుంచి జాజ్ ఉత్సవానికి

విద్య తరగతి గదితో ముగియదు. పుస్తకంలో చదివిన విషయాన్ని అది పుట్టిన చోట నిలిచి తెలుసుకొన్నప్పుడు జ్ఞానం అనుభవంగా మారుతుంది. విహారయాత్ర కంటికి విందు చేస్తే, విద్యాయాత్ర ఆలోచనకు పని కల్పిస్తుంది. సంగీత విద్యార్థులకు అటువంటి యాత్రాస్థలం అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరం.

లూసియానా రాష్ట్రంలో మిసిసిపీ నదీతీరాన వెలసిన ఈ నగరం జాజ్ సంగీతానికి పుట్టినిల్లు. ఏటా ఏప్రిల్ చివర, మే మొదట్లో ఇక్కడ జాజ్ ఉత్సవం జరుగుతుంది. అమెరికాలో అనేక విద్యాసంస్థలకు సొంత జాజ్ వాద్యబృందాలు ఉన్నాయి. అటువంటి బృందం అధ్యాపకులతో కలిసి ఉత్సవానికి వచ్చినప్పుడు, వేదికల వద్దకు వెళ్లడానికి ముందు చూడదగిన స్థలం ఒకటుంది. అదే కాంగో స్క్వేర్.

చూడడానికి అది చెట్ల నీడన రాళ్లు పరచిన బయలు మాత్రమే. దాని చరిత్ర మాత్రం గొప్పది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవారు, వారి సంతతివారు ఆదివారాల్లో అక్కడ గుమిగూడేవారు. 1817లో నగరపాలకులు బానిసల నృత్యాలను ఆదివారానికి, తాము నిర్ణయించిన స్థలానికి పరిమితం చేశారు. వారమంతా పరుల కోసం శ్రమించిన చేతులు ఆ ఒక్క పూట తమ కోసం డప్పు మోగించాయి. ఒకరు పాడగా పదిమంది బదులు పలికే పద్ధతి, ఆ లయ తరతరాలు నిలిచాయి. అవి ఐరోపా వాద్యాలతో, చర్చి గీతాలతో, బ్లూస్ గానంతో కలిసి 20వ శతాబ్ది ఆరంభానికి జాజ్‌గా రూపొందాయి.

న్యూ ఆర్లియన్స్ శైలిలో కార్నెట్ అనే చిన్న బూర ప్రధాన బాణీని వినిపిస్తుంది. క్లారినెట్ దానిపై అల్లికలు అల్లుతుంది. ట్రాంబోన్ కింది స్థాయిలో ఆధారం ఇస్తుంది. అందరూ అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. అయినా గందరగోళం కలగదు. ప్రతివాడూ వాయిస్తూనే పక్కవానిని వింటూ ఉండడమే అందుకు కారణం. కర్ణాటక సంగీతంలోని మనోధర్మాన్ని ఎరిగినవారికి ఈ రహస్యం సులభంగా బోధపడుతుంది. గాయకుని కల్పనాస్వరాలకు వాయులీనం బదులు పలికేదీ ఈ శ్రద్ధతోనే.

కాంగో స్క్వేర్ ఉన్న ఉద్యానవనానికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టారు. ఆయన 1901లో ఈ నగరంలోనే నిరుపేద కుటుంబంలో జన్మించారు. నూతన సంవత్సర వేడుకలో తుపాకి పేల్చినందుకు బాల్యంలోనే సంస్కరణాలయం పాలయ్యారు. అక్కడి వాద్యబృందంలో కార్నెట్ అభ్యసించి, తరువాత ప్రపంచఖ్యాతి పొందారు. 1956లో లూసియానా రాష్ట్రం నల్లవారు, తెల్లవారు కలిసి ప్రదర్శనలు ఇవ్వరాదని చట్టం చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంలో ఇరువర్గాలవారూ ఉండేవారు. తోటివారిని విడిచి జన్మస్థలంలో వాయించడానికి ఆయన అంగీకరించలేదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన తరువాత, 1965లోనే మళ్లీ అక్కడ వాయించారు.

1970లో నేటి జాజ్ ఉత్సవం తొలిసారి కాంగో స్క్వేర్‌లోనే జరిగింది. మహేలియా జాక్సన్, డ్యూక్ ఎల్లింగ్టన్ వంటి ప్రసిద్ధులు పాల్గొన్నా శ్రోతలు సుమారు 350 మందే. కళాకారుల సంఖ్యే అంతకంటే ఎక్కువ! 1972లో ఉత్సవం నగరంలోని గుర్రప్పందాల మైదానానికి మారింది. క్రమంగా శ్రోతల సంఖ్య లక్షలకు చేరింది. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకు గట్లు తెగి నగరంలో అధికభాగం నీట మునిగింది. ఎందరో కళాకారులు ఇళ్లు కోల్పోయారు. అయినా 2006 వసంతంలో ఉత్సవం ఆగలేదు.

ఈ కథ తెలిసి మైదానంలో అడుగుపెట్టిన విద్యార్థికి బూర మోత వట్టి సందడిగా వినిపించదు. అందులో ఆదివారపు డప్పు ఉంటుంది. జన్మస్థలానికి దూరమైన కళాకారుని ఆత్మగౌరవం ఉంటుంది. తిరిగి వెళ్లి తన బృందంలో కూర్చున్నప్పుడు అతడు తన వంతు వాయించడంతో తృప్తిపడడు. పక్కవాని వాద్యాన్నీ శ్రద్ధగా వింటాడు. విద్యాయాత్రకు అంతకు మించిన ఫలం లేదు.

ప్రశ్నలు

1. జాజ్ సంగీత ఆవిర్భావంలో కాంగో స్క్వేర్ స్థానాన్ని వివరించండి.
2. ఆర్మ్‌స్ట్రాంగ్ జన్మస్థలంలో వాయించకపోవడానికి కారణమేమిటి? ఆయన నిర్ణయంపై మీ అభిప్రాయం రాయండి.
3. ‘వాయించడం కంటే వినడం కష్టం’ - పాఠం ఆధారంగా చర్చించండి.