కారులో స్టెప్నీ ఉండాలా?



కారులో అదనపు చక్రం ఉండి తీరాలన్న నిబంధన మన దేశంలో 2020 అక్టోబరు 1 నుంచి కొంత సడలింది. ఆ ఏడాది జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నియమాలను సవరించింది. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లకు మించని, మూడున్నర టన్నుల లోపు బరువుండే కార్లకు ఈ సడలింపు వర్తిస్తుంది. టైర్లు ట్యూబ్‌లెస్ అయి ఉండాలి, గాలి తగ్గితే డ్రైవరు ముందున్న తెర మీద చెప్పే ఏర్పాటు ఉండాలి, పంక్చర్ కిట్టు ఉండాలి. ఈ మూడూ ఉన్న కారును కంపెనీ స్టెప్నీ లేకుండానే అమ్మవచ్చు. అందుకే ఈ మధ్య షోరూముల్లో చూస్తే కొన్ని కరెంటు కార్లలో, కొన్ని సీఎన్‌జీ కార్లలో డిక్కీ అడుగున చక్రం ఉండాల్సిన చోట చిన్న కంప్రెసరు, జిగురు సీసా కనిపిస్తున్నాయి.

కంపెనీల వాదనలో బలం లేకపోలేదు. రిమ్ముతో కలిపి ఒక చక్రం బరువు చిన్న కారుకు పన్నెండు, పదిహేను కిలోలు, పెద్ద బండికి అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ చోటు ఖాళీ అయితే బ్యాటరీకో గ్యాస్ సిలిండరుకో పనికొస్తుంది. పాత అంబాసిడర్ల రోజుల్లో టైరులో ట్యూబు ఉండేది. మేకు దిగిందంటే నిమిషాల్లో గాలంతా పోయి బండి కూలబడేది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా రబ్బరు దాన్ని చుట్టూ బిగించి పట్టుకుంటుంది కాబట్టి గాలి మెల్లగా పోతుంది, చాలాసార్లు పంక్చర్ షాపు దాకా బండి నడుస్తుంది. స్టెప్నీ అవసరం మునుపటంత తరచుగా రాదన్నది నిజమే.

ఈ స్టెప్నీ ఎలా పుట్టిందంటే, మొదట్లో కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. పంక్చరైతే రోడ్డు పక్కనే టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, మళ్ళీ ఎక్కించుకోవాలి. వేల్స్ దేశంలోని లానెల్లి పట్టణంలో వాల్టర్, టామ్ డేవీస్ అనే అన్నదమ్ములు 1904లో దీనికి ఉపాయం కనిపెట్టారు. స్పోకులు లేని ఒట్టి రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పాడైన చక్రం పక్కన బిగించేలా తయారు చేశారు. వాళ్ళ షాపు స్టెప్నీ వీధిలో ఉండటంతో దానికి ఆ పేరే స్థిరపడింది.

ఒక ప్రాంతంలో స్టెప్నీ కావాలా వద్దా అన్నది అక్కడి రోడ్లు టైరును ఏ రకంగా దెబ్బతీస్తాయన్న దాన్ని బట్టి ఉంటుంది. టైరుకు తగిలే దెబ్బలు ముఖ్యంగా రెండు తరహాలు. రోడ్డును తాకే మందపాటి భాగంలో మేకో ఇనుప ముక్కో దిగడం మొదటిది. పక్క గోడ కోసుకుపోవడం లేదా ఉబ్బిపోవడం రెండోది. మొదటిదానికి కిట్టు పనిచేస్తుంది, చిల్లులో దూర్చే రబ్బరు పురి పనిచేస్తుంది. రెండోదానికి ఏ జిగురూ పనిచేయదు. పక్క గోడ పలచగా ఉండి, చక్రం తిరిగే ప్రతిసారీ వంగుతూ లేస్తూ ఉంటుంది. అక్కడ వేసిన అతుకు నిలవదు. చక్రం మార్చడమొక్కటే దారి.

ఉదాహరణకు, తెనాలి ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టా రోడ్లు ఈ రెండో రకం దెబ్బకు అనువైనవి. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్ళే దారి గానీ, పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే దారి గానీ, వాటి నుంచి ఊళ్ళలోకి చీలే కాలవగట్టు రోడ్లు గానీ చాలాచోట్ల వెడల్పు తక్కువ. ఎదురుగా గడ్డి ట్రాక్టరో, వరికోత మిషనో వస్తే ఒక పక్క చక్రాలను మార్జిన్‌లోకి దించక తప్పదు. దమ్ము చక్రాల ట్రాక్టర్లు తిరిగిన చోట తారు అంచు చెక్కలుచెక్కలుగా లేచి ఉంటుంది. నల్లమట్టి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి అంచు కింద మట్టి జారి, తారుకూ మార్జిన్‌కూ మధ్య జానెడు ఎత్తు తేడా వస్తుంది. కిందికి దిగిన చక్రం మళ్ళీ పైకెక్కేటప్పుడు ఆ పదునైన అంచు టైరు పక్క గోడను కోస్తుంది. కోతల కాలంలో మొక్కజొన్న, ధాన్యం రోడ్డు మీదే ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో ఆ రాయి ఎక్కితే జరిగేదీ ఇదే.

తుపానో వరదో వస్తే రోడ్ల పరిస్థితి మరీ మారిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంక ఊళ్ళను ముంచింది. అలాంటి గాలివానల, వరదల తర్వాత రేకుల షెడ్ల మేకులు, విరిగిన కొమ్మలు, నీళ్ళ కింద కనిపించని గుంటలు రోజుల తరబడి ఉంటాయి. పెద్దవాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన పని అప్పుడే పడవచ్చు. పంక్చర్ షాపు తీసి ఉండదు, షాపతను కూడా తన ఇల్లు సర్దుకుంటూ ఉంటాడు.

పెనుమూడి వారధి దిగి రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు వెళ్ళే 216వ నంబరు జాతీయ రహదారి లోపలి దారులకంటే నయం. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేస్తే సాయం అందుతుంది. నిజాంపట్నం వైపో, కాలవగట్టు మీదో ఆగితే ఆ సౌకర్యం లేదు. పట్టణాల్లో పంక్చర్ షాపులకు కొదవ లేదు గానీ రాత్రి పది దాటాక ఊరికీ ఊరికీ మధ్య ఉన్న మనిషికి అవి ఉన్నా లేనట్టే.

కిట్టు గురించి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సీసాలోని జిగురు వాల్వు గుండా టైరులోకి వెళ్ళి, గాలి ఒత్తిడికి చిల్లు దగ్గర చేరి గడ్డకడుతుంది. కంప్రెసరు కారులోని కరెంటుతోనే గాలి నింపుతుంది. నాలుగు, ఆరు మిల్లీమీటర్లకు మించని చిల్లులకే ఇది పనికొస్తుంది. జిగురు పోశాక గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా దగ్గర్లోని షాపుకు వెళ్ళి సరైన మరమ్మతు చేయించాలి. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే లోపలి జిగురు గడ్డకట్టి పనికిరాదు. ఒకసారి వాడితే కొత్త సీసా కొనాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, టైరు పక్క చీలినా, గాలి లేకుండా నడిచి రబ్బరు నలిగినా కిట్టు చేయగలిగింది లేదు. కంప్రెసరు మాత్రం స్టెప్నీ ఉన్నవారికి కూడా ఉండదగ్గ వస్తువు. మెల్లగా గాలి పోతున్న టైరుకు అప్పటికప్పుడు గాలి కొట్టుకుని ఊరు చేరవచ్చు.

స్టెప్నీ ఉన్నంత మాత్రాన భరోసా లేదు. డిక్కీలో పడి ఉన్న చక్రం ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడదు. టైరులో గాలి వాడకపోయినా నెలకు ఒకటి రెండు పాయింట్లు (పీఎస్‌ఐ) తగ్గుతుంది. రెండేళ్ళు చూడకపోతే అవసరానికి తీసిన స్టెప్నీయే మెత్తగా ఉంటుంది. గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు చాలా కార్లలో ఈ ఐదో చక్రాన్ని లెక్కలోకి తీసుకోదు. పెట్రోలు బంకులో నాలుగు టైర్లకు గాలి పట్టించినప్పుడల్లా దీనికీ పట్టించాలి. మామూలు కంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువే ఉంచాలి, తగ్గించడం రోడ్డు మీద తేలిక, ఎక్కించడం కష్టం. రబ్బరుకు వయసూ ఉంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3221 అని ఉంటే అది 2021లో 32వ వారంలో తయారైంది. ఆరేళ్ళు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి. పదేళ్ళు దాటిన దాన్ని, గాట్లు అరిగిపోకపోయినా, వాడకూడదు.

కొన్ని పెద్ద బండ్లకు స్టెప్నీ వెనక భాగంలో కింద వేలాడుతూ ఉంటుంది. సముద్రం దగ్గర తిరిగే బండికి ఇది ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. సూర్యలంక తీరం, నిజాంపట్నం హార్బరు, రొయ్యల చెరువుల దారుల్లో ఉప్పు గాలి, చేపల లారీల నుంచి కారే ఉప్పునీళ్ళు ఆ చక్రాన్ని దించే ఇనుప తాడును, మరను తుప్పు పట్టిస్తాయి. అవసరమైన రోజున అది కదలదు. ఆరు నెలలకోసారి దించి, మంచినీళ్ళతో కడిగి, గ్రీజు పూసి మళ్ళీ ఎక్కించాలి.

సైజు సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. చాలా కార్లలో నడిచే చక్రాలు పెద్దవి, స్టెప్నీ చిన్నది. దాని మీద 80 కిలోమీటర్ల వేగం రాసి ఉంటే ఆ మాట పాటించాలి. కొన్ని సన్న టైర్లకు 60 పాయింట్ల గాలి కావాలి, మామూలు టైరుకు పట్టేదానికి అది దాదాపు రెట్టింపు. ముందు చక్రాలు లాగే కారులో ముందు టైరు పోతే, వీలైనచోట వెనక చక్రాన్ని ముందుకు మార్చి చిన్నదాన్ని వెనక వేయడం మేలు. అల్లాయ్ చక్రాలకు దొంగతనం కాకుండా ప్రత్యేక నట్టు బిగిస్తే దాని తాళం కారులోనే ఉండాలి. అది ఇంటి బీరువాలో ఉంటే స్టెప్నీ ఉన్నా ప్రయోజనం లేదు.

చక్రం మార్చడానికి బలం కంటే వరస ముఖ్యం. బండిని రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు, చదునైన చోటికి తేవాలి. టైరు చెడినా ఇంకో యాభై గజాలు నెమ్మదిగా నడిపి మంచి చోటు చేరడమే నయం, టైరు పోతే పోయింది. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు చక్రానికి రాయి అడ్డం పెట్టి, ఎర్ర త్రికోణాన్ని వెనక దూరంగా నిలబెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి. ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. కాలవగట్టు మెత్తటి మట్టిలో జాకీ దిగబడుతుంది కాబట్టి దాని కింద వేయడానికి గట్టి చెక్క ముక్క ఒకటి డిక్కీలో ఉంచుకోవాలి. విప్పిన చక్రాన్ని కారు అడుగున పెడితే, జాకీ జారినా బండి పూర్తిగా కిందికి పడకుండా ఆగుతుంది. నట్లను ఎదురెదురుగా బిగిస్తూ పోయి, బండి దించాక మళ్ళీ ఒకసారి, యాభై కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి బిగింపు చూడాలి.

తెనాలి ఊళ్ళోనే ఆఫీసుకూ బడికీ మాత్రమే తిరిగే చిన్న కరెంటు కారుకు కిట్టు చాలు. ఊరు దాటి బాపట్ల, రేపల్లె వైపు నెలకు ఒకసారైనా వెళ్ళే కారుకు చాలదు. స్టెప్నీ లేని కారే నచ్చితే అదే సైజు రిమ్ము, టైరు, జాకీ, స్పానరు విడిగా కొనుక్కోవచ్చు. కొన్ని వేల రూపాయల ఖర్చు. డిక్కీలో చక్రం గట్టిగా కట్టి ఉండాలి, వదిలేస్తే సడన్ బ్రేకుకు అది ముందుకు దూసుకొస్తుంది. సీఎన్‌జీ సిలిండరు ఉన్న కారులో చక్రానికి చోటు లేకపోతే, దూర ప్రయాణానికి వెళ్ళేటప్పుడైనా వెనక సీటు మడిచి బెల్టులతో బిగించి తీసుకెళ్ళాలి.

కొత్త కారు డెలివరీ తీసుకునే రోజునే డిక్కీ తెరిచి చక్రం, జాకీ, స్పానరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ వారంలోనే పగటి వెలుతురులో, ఇంటి ముందే, కారు నడిపేవాళ్ళందరూ తలా ఒకసారి చక్రం విప్పి బిగించి చూడాలి.