వెబ్‌సైటుకు అద్దె ఇల్లు

వెబ్ హోస్టింగ్ అన్న మాటను తెలుగు చేసుకోవడంతో మొదలుపెడదాం. అతిథి అంటే మన ఇంటికి వచ్చినవాడు. ఆతిథేయుడు అంటే వచ్చినవాడికి చోటిచ్చి ఆదరించేవాడు. హోస్ట్ అన్నది ఈ రెండోవాడిని. పిల్లల వ్యాసాల్లో ఈ రెండు మాటలూ తారుమారు కావడం మనం తరచుగా చూస్తూనే ఉంటాం. అయితే వెబ్‌సైటు విషయంలో ఆతిథ్యం అన్నది అంతగా అతకదు, డబ్బు కట్టి ఉండాలి కాబట్టి. అద్దె ఇల్లు అనుకుంటే సరిపోతుంది. బదిలీల మీద ఊళ్ళు తిరిగే మన కుటుంబాలకు అద్దె ఇళ్ళ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు కదా.

ఈ పాఠం మనకెందుకంటే, ఇంట్లోనో బంధువుల్లోనో ఎవరికైనా చిన్న వ్యాపారం ఉంటే, వెబ్‌సైటు పెట్టే పని పదో తరగతి దాటిన పిల్లల మీదే పడుతోంది. ఒక ఉదాహరణ అనుకుందాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి ఒక కుటుంబం తమ బొమ్మలను సొంత వెబ్‌సైటులో అమ్మాలనుకుంది. బొమ్మల కొలువులు పెట్టుకునే దసరా, సంక్రాంతి రోజులే వాళ్ళకు అసలు అమ్మకాల కాలం. సరిగ్గా ఆ వారంలో సైటు తెరుచుకోకపోతే కొనేవాళ్ళు ఇంకో చోటికి పోతారు. సంక్రాంతి వాళ్ళ కోసం ఆగదు.

సైటు అంటే కొన్ని ఫైళ్ళు: బొమ్మల ఫోటోలు, ధరలు, వివరాలు. అవి రాత్రీపగలూ నడిచే ఒక కంప్యూటరులో ఉండాలి. దాన్నే సర్వర్ అంటాం. అందులో చోటు అద్దెకిచ్చేదే హోస్టింగ్ సంస్థ. డొమైన్ పేరు వేరు. అది చిరునామా. ఇల్లు మారినా చిరునామా మారకుండా ఉండే సౌకర్యం మన బతుకుల్లో లేదు గానీ ఇంటర్నెట్టులో ఉంది. ఆ పేరు మనదైతే, దాన్ని రేపు ఇంకో సర్వర్ వైపు తిప్పుకోవచ్చు.

ఇక సంస్థను ఎంచుకోవడం. దీన్ని సాంకేతిక విషయం అనుకుని చాలామంది భయపడతారు. మన దృష్టిలో ఇది ముందుగా చదవడం వచ్చా రాదా అన్న విషయం. ప్రకటనలో నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి: అపరిమితం, హామీ, ఉచితం, నుంచి. వాటిని సరిగా చదివితే సగం పని అయినట్టే.

అపరిమితం: పరిమితం కానిది, నఞ్ తత్పురుష సమాసం. ఈ విగ్రహవాక్యానికి పరీక్షలో మార్కు పడుతుంది, బజారులో పడదు. తక్కువ ధరకు దొరికేది సాధారణంగా షేర్డ్ హోస్టింగ్. అంటే ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి. అపార్టుమెంటులో అందరికీ కలిపి ఒకటే నీళ్ళ ట్యాంకు ఉంటుంది. పై అంతస్తువాళ్ళు పొద్దున్నే కుళాయి వదిలేస్తే మన బకెట్టు నిండదు. అపరిమితం అన్న ప్రణాళికలో కూడా ఎన్ని ఫైళ్ళు పెట్టవచ్చు, ప్రాసెసరునూ మెమరీనీ ఎంత వాడవచ్చు అన్న హద్దులు షరతుల పేజీలో ఉంటాయి. ఒక్కో బొమ్మకు ఆరేడు ఫోటోలు పెట్టే సైటుకు ఆ ఫైళ్ళ హద్దే ముందు తగులుతుంది. చిన్న దుకాణానికి షేర్డ్ హోస్టింగ్ చాలు, అందులో తప్పు లేదు. కానీ హద్దు ఎంతో అంకెల్లో చెప్పే సంస్థ, అపరిమితం అని ఊరుకునే సంస్థ కన్నా నయం.

హామీ: 99.9 శాతం సమయం సైటు నడుస్తుందని అందరూ రాస్తారు. వినడానికి వందకు వందలాగే ఉంటుంది. లెక్క కట్టి చూద్దాం. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతం అంటే 8 గంటల 45 నిమిషాల పైచిలుకు. 99 శాతమైతే 87 గంటల 36 నిమిషాలు, అంటే మూడున్నర రోజులు దాటింది. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ అందులో మునిగిపోవచ్చు, అయినా సంస్థ మాట తప్పినట్టు కాదు. ఇంకో సంగతి. ముందుగా చెప్పి చేసే మరమ్మతుల సమయాన్ని చాలా ఒప్పందాల్లో ఈ లెక్కలోకి తీసుకోరు. హామీ తప్పితే ఇచ్చేది కూడా అద్దెలో కొంత తగ్గింపే. పోయిన అమ్మకాలకు ఎవరూ డబ్బివ్వరు.

ఉచితం: తాళం గుర్తు కోసం కావలసిన భద్రతా పత్రం ఉచితం అని గొప్పగా రాస్తారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ దాన్ని లోకమంతటికీ ఉచితంగానే ఇస్తోంది. కాబట్టి అది దయ కాదు. మామూలు పత్రానికి విడిగా డబ్బు అడిగితే ఎందుకని అడగాలి. గడువు తీరగానే అది దానంతటదే కొత్తదవుతుందా అని కూడా అడగాలి.

నుంచి: నెలకు 99 రూపాయల నుంచి అన్నచోట బరువంతా ఆ చివరి మాట మీదే ఉంది. ఉదాహరణకు, మూడేళ్ళ డబ్బు ఒకేసారి కడితేనే ఆ ధర అనుకుందాం. 36 నెలలకు 3,564 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో దాదాపు 4,206. మూడేళ్ళ తర్వాత ధర నెలకు 299 అయితే, అదే లెక్కన 12,702 కట్టాలి. మొదటి ధర కాదు, పునరుద్ధరణ ధర చూసి బేరం ఆడాలి. మొదట ఒక నెలకో మూడు నెలలకో తీసుకుని చూడడం మేలు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం రాత్రి సహాయ విభాగానికి ప్రశ్న పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో, మనిషి రాశాడో యంత్రం రాసిందో గమనించాలి. పది ఉత్తమ సంస్థలు అంటూ కనిపించే జాబితాలకు ఈ పరీక్షకున్న విలువ లేదు. వాటిలో చాలావాటికి ఆ సంస్థల నుంచే కమీషన్ ముడుతుంది.

సర్వర్ ఏ ఊళ్ళో ఉందన్నదీ అడగాల్సిందే. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా తూర్పు తీరం మనకు 13,000 కిలోమీటర్లనుకుంటే, ఒక్క రాకపోకకే సెకనులో ఎనిమిదో వంతు. ఒక పేజీ తెరుచుకోవడానికి ఇలాంటివి ఎన్నో జరుగుతాయి. కొనేవాళ్ళు విశాఖలో, విజయవాడలో ఉంటే ముంబయి సర్వర్ నయం. కొలువు పెట్టుకునే న్యూజెర్సీ తెలుగువాళ్ళే ఎక్కువ కొంటారంటే లెక్క మారుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనివి రెండున్నాయి.

మొదటిది నకలు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రంలో మంటలు రేగి, ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. కొందరు బ్యాకప్ కోసం విడిగా డబ్బు కూడా కట్టారు, కానీ ఆ నకలూ అసలుతో పాటు అక్కడే ఉండి కాలిపోయింది. రోజూ నకలు తీస్తాం అన్న మాట చాలదు. ఎక్కడ దాస్తారు, ఎన్ని రోజులుంచుతారు, మనంతట మనం దించుకోవచ్చా అని అడగాలి. నెలకొకసారి మన పెన్‌డ్రైవులోకి ఒక నకలు దించుకుని, అది తెరుచుకుంటోందో లేదో చూడాలి.

రెండోది పేరు. మనకు తెలిసిన ఒక చీరల దుకాణానికి సైటు చేసిపెట్టిన కుర్రవాడు డొమైన్‌ను తన ఈమెయిలుతోనే నమోదు చేశాడు. అతనిలో దురుద్దేశం లేదు, పని సులువవుతుందని అలా చేశాడు. తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఫోను నంబరు మారింది. గడువు తీరుతోందన్న హెచ్చరికలన్నీ అతను చూడని ఈమెయిలుకు పోయాయి. పేరు పోయింది. సంచుల మీద, బిల్లు పుస్తకాల మీద, బోర్డు మీద అచ్చయిన ఆ చిరునామా ఇప్పుడు ఎవరిదో. గడువు దాటినా కొద్ది రోజులు అదనపు రుసుముతో తిరిగి పొందే వీలుంటుంది, కానీ ఆ సంగతి తెలియాల్సినవాళ్ళకు తెలియాలి కదా. డొమైన్ ఎప్పుడూ యజమాని పేరు మీద, ఆయనో ఆవిడో రోజూ చూసే ఈమెయిలు మీద ఉండాలి, సైటు చేసేది కన్నబిడ్డే అయినా సరే.

ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు డొమైన్‌ను మార్చుకోవాలంటే పాత సంస్థ ఒక అనుమతి సంకేతం ఇస్తుంది. మన బడి పిల్లలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అది టి.సి. లాంటిది. చేరేటప్పుడే టి.సి. ఎలా ఇస్తారని అడగడం మర్యాద కాదేమో గానీ, హోస్టింగ్ సంస్థను మాత్రం మొదటి రోజే అడగాలి. ఆ సంకేతం ఖాతా పేజీలో మనకే దొరుకుతుందా, ఫైళ్ళన్నీ ఒకేసారి దించుకునే వీలుందా? తిన్నగా జవాబిచ్చే సంస్థలో చేరవచ్చు.

అభ్యాసం: ఏదైనా ఒక హోస్టింగ్ ప్రకటనను, దాని షరతుల పేజీని పక్కపక్కన పెట్టుకుని చదవండి. ప్రకటనలో ఉన్న ఏ మాటకు షరతుల్లో అర్థం మారిందో గీత గీయండి. 99.5 శాతం హామీ అయితే 30 రోజుల నెలలో సైటు ఎంతసేపు మూతపడవచ్చో లెక్క కట్టి, ఆ సమయాన్ని మీకు తెలిసిన దుకాణం పండగ వారంలో పెట్టి చూడండి.