పండుగనాటి మిగులు వంటలతో చిరుతిండ్లు



పండుగకు బంధువులు వచ్చి, కడుపునిండ భుజించి, సంతోషముతో సెలవు తీసికొని పోవుట ఇంటికి శోభ. వారిని బస్సు ఎక్కించి తిరిగి వచ్చునప్పటికి వంటయింటిలో మూతపెట్టిన గిన్నెలు కొన్ని మిగిలియుండును. ఒకదానిలో అన్నము, ఒకదానిలో ఓళిగల పూర్ణము, వేరొకదానిలో అలసంద వడలు, చట్టిలో సంగటి. అందరును అలసియుందురు గనుక "రేపు చూచుకొందము" అని పడుకొందురు. మరునాడు మూత తీయగానే వాసన తేడాగా ఉండును. అప్పుడు అది పశువుల తొట్టికో, పెంటదిబ్బకో చేరును.

ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. మిగిలిన వంటలను ఏమి చేయవలెనో నిర్ణయింపవలసినది మరునాటి ఉదయము కాదు, విస్తళ్ళు ఎత్తిన వెంటనే. ఆ వేళ అరగంట శ్రమ పడినచో, సాయంకాలమునకో, మరునాటి ఉదయమునకో పిల్లలు ఇష్టపడి తినదగిన చిరుతిండ్లు సిద్ధమగును. ఆ వేళ దాటినచో ఎంత నేర్పుగా వండినను ప్రయోజనము లేదు.

పారవేసిన అన్నము ఖరీదు

ఒక కిలో బియ్యము వండినచో సుమారు రెండున్నర కిలోల అన్నమగును. ఆ కిలో బియ్యమునకు సుమారు ఒకటిన్నర కిలోల వడ్లు కావలెను. వాననీరు, కట్టిన నీరు కలిపి, కిలో వడ్లు పండించుటకు సగటున 2,500 లీటర్ల నీరు పొలమునకు అవసరమని అంచనా. అనగా రెండున్నర కిలోల అన్నము పారబోయుట దాదాపు 3,750 లీటర్ల నీటిని పారబోయుటతో సమానము.

బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఏడాది పొడుగున పారు నది లేదు. వాన, చెరువు, గొట్టపు బావి, ఇవి మనకు ముఖ్యమైన ఆధారములు. బోరు వేయించి నీరు పడక అప్పుల పాలైన రైతునకు ఈ లెక్క ఎవ్వరును విప్పి చెప్పనక్కరలేదు. ఈ నష్టము మన ఒక్కరిది మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022వ సంవత్సరములో ప్రపంచమున వృథాయైన ఆహారము సుమారు 105 కోట్ల టన్నులు. అందు 60 శాతము ఇండ్లలో వృథాయైనదే.

పశువుల తొట్టిలో పోయరాదు

"పారవేయుట లేదు, ఆవులకే కదా పెట్టుచున్నాము" అని కొందరందురు. పాడి మీద ఆధారపడిన మన ప్రాంతములో ఇది ప్రమాదకరమైన అలవాటు. ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు గడ్డికి, చొప్పకు అలవాటు పడినవి. ఒక్కసారిగా బేసినెడు అన్నమో, పొంగలో, సంగటియో పెట్టినచో, పిండిపదార్థము త్వరగా పులిసి పొట్టలో లాక్టిక్ ఆమ్లము పెరుగును. పశువు మేత మానును, నెమరు వేయదు, నీళ్ళవలె పారుకొనును, నీరసించి కూలబడును. చికిత్స ఆలస్యమైనచో చనిపోవుటయు కలదు.

కనుమనాడు, అనగా పశువుల పండుగనాడు, కొమ్ములకు రంగులు పూసి పిడికెడు పొంగలి నోటికందించుట వలన హాని లేదు. గంపలకొలది పెట్టుట మాత్రము మానవలెను. పై లక్షణములు కనబడినచో ఇంటి వైద్యముతో కాలము గడపక వెంటనే పశువైద్యుని పిలువవలెను.

మూత క్రింద జరుగునది

తడియారని వేరుశనగ కాయలను కుప్పవేసినచో ఏమగునో మీకు తెలియును. కుప్ప లోపల వేడెక్కి, బూజు పట్టి, కాయ చెడును. పైన చేయి పెట్టి చూచిన చల్లగానే ఉండును. పెద్ద గిన్నెలోని అన్నము సంగతియు అంతే. పైపొర చల్లారినను నడుమ గంటలకొలది గోరువెచ్చగా ఉండును. సంక్రాంతి చలిలో సైతము ఇది తప్పదు. ఉగాది ఎండలలో చెప్పనే అక్కరలేదు.

బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములు ఉండవచ్చును. ఉడికినను అవి చావవు. అన్నము గోరువెచ్చగా ఉన్నంతసేపు మొలకెత్తి, వృద్ధిపొంది, విషపదార్థమును విడుచును. అట్టి అన్నము తిన్న 1 గంట మొదలు 6 గంటలలోపల వాంతులు పట్టుకొనును. ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఏమనగా, వాంతులు కలిగించు ఆ విషము మరల వేడిచేసినను, నూనెలో వేయించినను నశింపదు. వాసన బాగున్నంత మాత్రమున అన్నము మంచిదని నమ్మరాదు. కావుననే నిర్ణయము వెంటనే చేయవలెనని మొదట చెప్పితిని.

"మన పెద్దలు చద్దియన్నము తినలేదా?" అని మీరు అడుగవచ్చును. తినిరి. అయితే వారు అన్నము చల్లారగానే నీరు, కొంచెము పులిసిన మజ్జిగ పోసి ఉంచెడివారు. ఆ పులుపు చెడు సూక్ష్మజీవులను చాలవరకు అణచును. మధ్యాహ్నము నుండి మూత క్రింద ఉన్న అన్నములో రాత్రి పది గంటలకు నీరు పోసినచో అది పెద్దల చద్ది కాజాలదు.

పాటింపవలసిన నియమములు

1. విస్తరిలో మిగిలినది, ఎంగిలి చేయి తగిలినది దాచరాదు. వడ్డింపక గిన్నెలో ఉన్నదే పనికివచ్చును.

2. వండిన 2 గంటలలోపల అన్నమును వెడల్పు పళ్ళెములలో రెండంగుళములకు మించని మందమున పరచవలెను. కళ్ళమున గింజలు ఆరబోసినట్లే ఇదియును. పళ్ళెము క్రింద చన్నీళ్ళ బేసిన్ ఉంచినచో త్వరగా చల్లారును.

3. చల్లారినదానిని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మరునాటికే వాడవలెను. ఫ్రిజ్ లేనివారు, కరెంటు నమ్మకము లేనివారు ఆ సాయంకాలమే చిరుతిండిగా వండి ముగింపవలెను.

4. మరల వేడిచేయుట ఒక్కసారే. లోపలి వరకు పొగలు వచ్చునట్లు వేడిచేయవలెను. రెండవసారి మిగిలినది దాచరాదు.

5. కొబ్బరి పచ్చడి, పాల పాయసము, గంటలకొలది బయటనున్న మాంసపు కూర మిగులు వంటలలో కలుపరాదు.

చిరుతిండ్లు చేయు విధము

అన్నము, రాగి పొంగనాలు: చల్లార్చి దాచిన అన్నము 2 గ్లాసులు, పెరుగు అర గ్లాసు కలిపి మెత్తగా రుబ్బవలెను. అందు రాగిపిండి 1 గ్లాసు, తగినంత ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిరప, కరివేపాకు, జీలకర్ర వేసి, ఇడ్లీ పిండివలె జారునట్లు నీరు కలుపవలెను. పొంగనాల పెనము గుంతలలో చుక్క నూనె వేసి, పిండి పోసి, మూతపెట్టి సన్నని సెగపై కాల్చి, త్రిప్పి రెండవ వైపు కాల్చవలెను. పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటకున్నచో ఉడికినట్లు. సుమారు 25 నుండి 30 వరకు వచ్చును. ఊరిబిండితో తినుటకు బాగుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారము, 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములైనను లేదు. సంగటి వద్దని మారాము చేయు పిల్లలు కూడ ఈ పొంగనాలను అడిగి తిందురు.

సంగటి బిళ్ళలు: మిగిలిన సంగటిని చిదిపి, వేయించిన వేరుశనగ పప్పుల పొడి, ఉల్లి, కొత్తిమీర, కొంచెము బియ్యపు పిండి కలిపి పిసుకవలెను. నిమ్మకాయంత ఉండలు చేసి, అరచేత చదునుగా తట్టి, పెనముపై రెండు వైపుల ఎఱ్ఱగా కాల్చవలెను.

పూర్ణపు ఉండలు: ఓళిగలు చేయగా మిగిలిన శనగపప్పు, బెల్లపు పూర్ణము నీరుగా ఉన్నచో సన్నని సెగపై గిన్నెకు అంటకుండునంతవరకు కలుపవలెను. ఉసిరికాయంత ఉండలు చేసి, గట్టిగా కలిపిన ఇడ్లీ పిండిలో ముంచి, కాగిన నూనెలో వేయించవలెను. పప్పు వార్చిన నీటిని పారబోయక, ఆ పూటకే ఓళిగల చారు కాచుకొనవలెను.

కూర పకోడీలు: కొబ్బరి వేయని బీన్సు, క్యాబేజీ వంటి పొడి కూర 1 గ్లాసునకు శనగపిండి అర గ్లాసు, బియ్యపు పిండి రెండు చెంచాలు, ఉప్పు, కారము సరిచూచి కలుపవలెను. కూరలోని తడియే సాధారణముగా చాలును. చిన్న చిన్న పకోడీలుగా వేయించవలెను.

పెరుగు వడలు: అలసంద వడలను పెనముపై బాగుగా వేడిచేసి, ఒక్కొక్కదానిని నాలుగు ముక్కలు చేసి, ఆవాలు, మిరప, కరివేపాకు తాలింపు పెట్టిన గట్టి పెరుగులో వేయవలెను. పావుగంట నానిన తరువాత ఆ పూటలోనే తినవలెను.

అన్నపు వడియములు: అన్నము హెచ్చుగా మిగిలి, ఫ్రిజ్‌లో చోటుండి, మరునాడు ఎండ కాయునని నమ్మకమున్నప్పుడే ఇది పూనుకొనవలెను. తెల్లవారగానే అన్నమును ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరపతో రుబ్బి, శుభ్రమైన గుడ్డపై ఉసిరికాయంతగా పెట్టి, 2, 3 దినములు తీవ్రమైన ఎండలో ఎండబెట్టవలెను. విరిచినప్పుడు టక్కున విరుగవలెను. మంచు, మబ్బు పట్టు దినములలో మొదలుపెట్టరాదు.

వచ్చు పండుగకు

మిగులును వాడుకొనుట మంచిదే గాని, మిగులకుండ వండుట అంతకంటె మంచిది. ఓళిగలు, వడలు, పొంగలి ఉన్ననాడు అన్నము తక్కువ చెల్లునని మనకందరకు తెలిసినను, కొలత మాత్రము తగ్గింపము. ఈ మారు దినవెచ్చపు లెక్కలో పావు వంతు బియ్యము తగ్గించి పొయ్యి మీద పెట్టి చూడుడు. కావలసినచో ఇంకొక చిన్న గిన్నె వండుటకు 20 నిమిషములు చాలును.

మరియొక మాట. పండుగనాడు తెల్లవారుజామునుండి పొయ్యి దగ్గర నిలిచిన ఇల్లాలికే ఈ పనియు అప్పగించి పురుషులు అరుగుపై కూర్చుండుట న్యాయము కాదు. అన్నము పళ్ళెములలో పరచుట, ఉండలు చుట్టుట, పెనము దగ్గర నిలుచుట ఎవరైనను చేయగల పనులే. విత్తనము వేయు అదను తప్పినచో పంట దక్కదని ఎరిగిన రైతునకు, వంటయింటిలోను ఒక అదను కలదని చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. విస్తళ్ళు ఎత్తిన తరువాతి మొదటి అరగంటయే ఆ అదను. దానిని పోనీయక అందరును కలిసి పనిచేసినచో తిండి దక్కును, పశువు దక్కును, పిల్లల ఆరోగ్యము దక్కును.