పాత అంబాసిడర్ ఇంజిన్: అసలు సీసీ ఎంత?

మా పెదనాన్న పోయినేడు ఒక పాత అంబాసిడర్ కొన్నారు. "ఒరిజినల్ 1489 సీసీ ఇంజిన్, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్నాడు అమ్మినాయన. ఆర్‌సీలో కూడా 1489 అనే ఉంది. రెండు నెలలకే నీలం పొగ మొదలైంది. మెకానిక్ ఆ మాట నమ్మి స్టాండర్డ్ రింగులు తెప్పించాడు. తీరా హెడ్ దించితే పిస్టన్ తల మీద "040" అని కొట్టి ఉంది. తెచ్చిన రింగులు పనికిరాలేదు.

కోడ్‌లో వేరియబుల్‌కి ఏ పేరు పెట్టినా లోపల విలువ వేరే ఉండొచ్చు కదా. ఇంజిన్ కూడా అంతే. పేరు చదవడం కాదు, విలువ కొలవాలి. ఎలాగో చూద్దాం.

మొదటి మెట్టు: ఇంజిన్ ఏ జాతిదో తేల్చుకోవాలి. అంబాసిడర్‌లో ఎక్కువ కాలం నడిచింది బ్రిటన్‌కు చెందిన బీఎంసీ బి-సిరీస్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. తర్వాత ఇసుజు 1817 సీసీ ఇంజిన్ కూడా వచ్చింది. పైన వాల్వ్ కవర్ తీస్తే తేడా తెలుస్తుంది. బి-సిరీస్‌లో కింద నుంచి వచ్చే పుష్‌రాడ్‌లు రాకర్లను తోస్తాయి. ఇసుజులో కామ్‌షాఫ్ట్ హెడ్‌లోనే ఉంటుంది.

రెండో మెట్టు: బ్లాక్ మీది ఇంజిన్ నంబర్‌ని ఆర్‌సీతో సరిచూడాలి. కలవకపోతే ఇంజిన్ మార్చారన్నమాట, ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. కానీ నంబర్ కలిసినంత మాత్రాన లోపలి కొలతలు మారలేదని కాదు. బోర్ చేయించినా ఆర్‌సీలో సీసీ పాతదే ఉంటుంది.

మూడో మెట్టు: కొలవాలి. బి-సిరీస్‌లో 1489, 1622, 1798 సీసీ మూడింటికీ స్ట్రోక్ ఒకటే, 88.9 మి.మీ. అందుకని స్ట్రోక్ కొలిచి ఏదో చెప్పలేం. తేడా అంతా బోర్‌లోనే: 73.025, 76.2, 80.26 మి.మీ. సిలిండర్ పైన, మధ్యలో, కింద, రెండేసి దిక్కుల్లో బోర్ గేజ్ పెట్టాలి. పైన ఎక్కువ, కింద తక్కువ వస్తే అది అరుగుదల. అంతటా ఒకేలా ఎక్కువ వస్తే బోర్ చేయించారని అర్థం.

నాలుగో మెట్టు: లెక్క. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుని, 0.7854 × బోర్ × బోర్ × స్ట్రోక్ × 4. స్టాండర్డ్‌కి 7.3025, 8.89 పెడితే 1489 వస్తుంది. "040" అంటే అంగుళంలో వెయ్యో వంతులు 40, అంటే 1.016 మి.మీ. అప్పుడు బోర్ 74.04 మి.మీ., సీసీ 1531.

42 సీసీ తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ బోర్ 1.016 మి.మీ. పెరిగితే చుట్టుకొలత 3.2 మి.మీ. పెరుగుతుంది. స్టాండర్డ్ రింగు పెడితే దాని కొసల మధ్య సందు అంత ఎక్కువవుతుంది. మామూలుగా ఉండాల్సిన సందు అర మిల్లీమీటర్ కూడా కాదు! ఆ దారిన గ్యాస్ కిందికి, ఆయిల్ పైకి పోతాయి.

ఒక జాగ్రత్త: బాగా అరిగిన బ్లాక్‌కి స్లీవ్ వేసి మళ్లీ స్టాండర్డ్‌కి తెస్తారు. కాబట్టి పాత బిల్లు కూడా ఆఖరి మాట కాదు, ఇప్పటి కొలతే ఆఖరు.

పెదనాన్న కారుకి 040 రింగులు వేశాక పొగ ఆగింది. సర్వీస్ పుస్తకం మొదటి పేజీలో ఆయన ఎర్ర పెన్నుతో "బోర్ 74.04, సీసీ 1531" అని రాసి పెట్టారు. రేపు ఆ కారు కొనేవాళ్లు మళ్లీ తప్పు రింగులు తెచ్చుకోకూడదని.