ఎర్రపట్టీ వచ్చిందని అప్‌డేట్ తీసేయకండి

ప్రశ్న: రాయ్‌పూర్‌లో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఆడిటర్ గారు మెయిల్లో పంపే ఎక్సెల్ ఫైల్లో బటన్ నొక్కితే స్టాకు లెక్క తయారయ్యేది. ఆఫీస్ అప్‌డేట్ అయ్యాక పైన ఎర్రపట్టీ వచ్చి, మాక్రోలు ఆపేశామంటోంది. అప్‌డేట్ తీసేయమంటారా?

జవాబు: వద్దండి. ఫైలు చెడిపోలేదు, ఇది కావాలని పెట్టిన కట్టడే. మాక్రోల చాటున వైరస్‌లు వస్తున్నాయని, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో వాటిని 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆపేస్తోంది. మెయిల్లోంచి దింపుకున్న ఫైలుకు విండోస్ ఒక గుర్తు వేస్తుంది. ఎక్సెల్ చూసేది ఆ గుర్తునే.

ముందు ఆడిటర్ గారికి ఫోన్ చేసి, ఫైలు పంపింది ఆయనేనా అని అడగండి. చాలామంది వదిలేసేది ఈ పనే. ఆయనే అయితే ఫైలు మూసి, దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. జనరల్ ట్యాబ్ అడుగున అన్‌బ్లాక్ దగ్గర టిక్ పెట్టి ఓకే నొక్కండి. జిప్ ఫైలైతే విప్పకముందే ఇలా చేయాలి.

పట్టీ ఏమీ లేకుండా బటనే పనిచేయకపోతే కారణం వేరు. 2014 డిసెంబరు అప్‌డేట్ తర్వాత చాలామందికి అలాగే అయింది. ఎక్సెల్ మూసి, పాత .ఇఎక్స్‌డి తాత్కాలిక ఫైళ్లు తొలగిస్తే కుదురుకుంది.

మీది ఆఫీస్ 2016 లేదా 2019 అయితే వాటికి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్తదానికి మారమని మీ యజమానికి చెప్పండి.