కొత్త కార్డు వేసినా గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే

విజయవాడ గుణదల నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ పూర్తయిన కొడుకు కోసం పాత కంప్యూటర్‌లోనే కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వేయించారు. దాదాపు తొంభై వేలు ఖర్చయింది. అందులో సగం ఈఎంఐ. కేబినెట్, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), హార్డ్ డిస్కు మాత్రం పాతవే ఉంచారు. గేమ్ మొదలుపెట్టాక ఉండుండి బొమ్మ బిగుసుకుపోతోంది, మళ్లీ కదులుతోంది. షాపువాళ్లు ‘మీ ఇంట్లో వోల్టేజీ ప్రాబ్లం’ అంటున్నారు. కంపెనీ సర్వీసు సెంటరు ‘కార్డు టెస్టులో పాసైంది’ అని తిప్పి పంపింది. కేసు వేయవచ్చా, ఈఎంఐ ఆపేయవచ్చా అన్నది ఆయన సందేహం.

కేసు వేయవచ్చు. అయితే ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం–2019 వస్తువులోని లోపాన్ని, సేవాలోపాన్ని వేర్వేరుగా చూస్తుంది. కార్డు చెడిపోయిందని ఫిర్యాదులో రాసి, చివరికి తప్పు బిగించినవాడి చేతిలో ఉందని తేలితే మీ కేసు బలహీనపడుతుంది. ఇలాంటి ఫిర్యాదుల్లో చిక్కంతా ఇక్కడే. గేమ్ ఆగి ఆగి నడవడానికి కారణం వస్తువు కావచ్చు, బిగింపు కావచ్చు, ఆ గేమే కావచ్చు.

బిగింపు సంగతి ముందు చూడండి. మానిటర్ కేబుల్ వెనకవైపు ఎక్కడ గుచ్చారు? మదర్‌బోర్డు పోర్టులో పెడితే వేలు పోసి కొన్న కార్డు ఊరికే కూర్చుంటుంది. ర్యామ్ ఒకే స్టిక్ వేశారా, రెండు వేశారా? రెండు వేసినా సరైన స్లాట్లలో లేకపోతే వేగం పడిపోతుంది. డబ్బా మీద 6000 అని రాసిన డీడీఆర్5 ర్యామ్, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 4800 దగ్గరే నడిచే అవకాశం ఉంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఆ అంకె కనిపిస్తుంది. పాత కార్డు డ్రైవరు తీయకుండా కొత్తది ఎక్కించినా, గేమ్‌ను పాత హార్డ్ డిస్కులోనే ఉంచినా ఇదే తంతు. ఈయన కేసులో నా మొదటి అనుమానం ఆ పాత హార్డ్ డిస్కు మీదే, రెండోది ఎస్‌ఎంపీఎస్ మీద. ఆ రెండూ ఆయన సొంతవి కాబట్టి షాపు లాయరు మొదట పట్టుకునేదీ వాటినే. తెలిసినవాళ్ల దగ్గర ఒక ఎస్‌ఎస్‌డీ, సరిపడా వాట్లున్న ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడండి. అయినా ఆగుతుంటే షాపు సాకు సగం పోయినట్టే. వోల్టేజీ మాటా అంతే. మంచి యూపీఎస్ మీద నడిపి చూస్తే తేలిపోతుంది.

బిగింపు తప్పయితే అది సేవాలోపం. ‘ఫిట్టింగ్ ఫ్రీగా చేశాం’ అని షాపువాళ్లు తప్పుకోబోతారు. ఉచిత సేవ చట్టం పరిధిలోకి రాదన్నది నిజమే. కానీ సరుకు అమ్మి, దాన్ని బిగించి ఇస్తానన్నప్పుడు ఆ కూలి ధరలో కలిసే ఉందని గట్టిగా వాదించవచ్చు.

ఒక్కోసారి షాపుకూ, మీకూ సంబంధం లేకుండా కంపెనీలోనే సమస్య ఉంటుంది. 2022 మార్చిలో ఏఎండీ సంస్థ, కొన్ని రైజెన్ కంప్యూటర్లు ఎఫ్‌టీపీఎం అనే భద్రతా విభాగం వల్ల ఉండుండి బిగుసుకుపోతున్నాయని ఒప్పుకుంది. బయోస్ అప్‌డేట్‌తో సరిచేసింది. 2024 జూలైలో ఇంటెల్, తన 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీ వల్ల అస్థిరంగా మారుతున్నాయని చెప్పి, ఆగస్టులో మైక్రోకోడ్ దిద్దుబాటు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఇలాంటి అప్‌డేట్ ఉండి కూడా వేయకుండా వినియోగదారుల కమిషన్ మెట్లెక్కితే ‘మరి అప్‌డేట్ చేశారా?’ అన్న మొదటి ప్రశ్నకే నీళ్లు నమలాల్సి వస్తుంది. ఇక కొన్ని కొత్త గేమ్‌లు ఏ కంప్యూటర్‌లోనైనా మొదటిసారి ఆడేటప్పుడు షేడర్లు తయారు చేసుకుంటూ ఆగుతాయి. దానికి షాపాయన్ని దోషిని చేయలేం. అందుకే ఒక్క గేమ్‌తో కాకుండా వేర్వేరు కంపెనీల గేమ్‌లతో పరీక్షించాలి.

కంపెనీ ప్రకటనే తప్పయిన సందర్భమూ ఉంది. ఎన్విడియా జీటీఎక్స్ 970 కార్డును 4 జీబీ మెమరీ అని అమ్మింది. అందులో చివరి అర జీబీ బాగా నెమ్మదిగా పనిచేస్తుందని 2015 జనవరిలో బయటపడింది. అమెరికాలో కొనుగోలుదారులంతా కలిసి దావా వేస్తే, 2016లో కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇచ్చేందుకు కంపెనీ రాజీకి వచ్చింది. మన చట్టంలోనూ సెక్షన్ 35 ప్రకారం ఒకే సమస్య ఉన్న పలువురి తరఫున, కమిషన్ అనుమతితో ఒకరు ఫిర్యాదు చేయవచ్చు. ఈ దారి మనవాళ్లు పెద్దగా వాడుకోవడం లేదు.

ఇప్పుడు రుజువుల మాట. కమిషన్ ముందు ‘ల్యాగ్ అవుతోందండీ’ అంటే సరిపోదు. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) 90 చూపిస్తూనే గేమ్ బిగుసుకుపోవచ్చు. షాపువాళ్లు చూపించేది ఆ సగటునే. మీరు చూపించాల్సింది ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం. ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ సమయాన్ని గీతగా గీసి చూపిస్తాయి. మిగతాచోట్ల సాఫీగా సాగే గీత బిగుసుకున్న క్షణంలో నిట్టనిలువుగా లేస్తుంది. అప్పుడు కార్డు వేడి, ర్యామ్ వాడకం కూడా తెర మీద ఉండేలా ఫోన్‌తో వీడియో తీసుకోండి. సర్వీసు సెంటరుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు మీద ఫిర్యాదును మీ మాటల్లోనే రాయించండి. ‘చెక్ చేయాలి’ అని గీకిస్తే ఒప్పుకోవద్దు. ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తే మేలు.

బిల్లు లేకపోతే ఇదంతా వృథా ప్రయాస. ‘బిల్లు లేకుండా అయితే జీఎస్టీ మిగులుతుంది’ అన్న మాటకు లొంగినవాళ్లు ఇక్కడ తిప్పలు పడతారు. బిల్లులో ఒక్కో భాగం పేరు, సీరియల్ నంబరు విడివిడిగా ఉండాలి. ‘గేమింగ్ పీసీ అప్‌గ్రేడ్ – 1’ అని ఒకే వరుస రాసిస్తే వెనక్కిచ్చి మళ్లీ రాయించండి. బిల్లు ఇవ్వకపోవడమే సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు అడుగున అచ్చేసే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముక్కకు లోపమున్న సరుకు విషయంలో విలువ లేదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకుంటే 30 రోజుల్లోగా లోపమున్న సరుకును వాపసు తీసుకోనంటే అదీ అనుచిత పద్ధతే. అందుకే ఫిర్యాదు మొదటి నెలలోనే, నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పెట్టాలి.

‘కంపెనీని అడగండి’ అని షాపు, ‘షాపును అడగండి’ అని కంపెనీ బంతాట ఆడుతుంటే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. డబ్బు తీసుకున్నది షాపు కాబట్టి తప్పించుకోలేదు. ముందు 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా తగాదాలు అక్కడే సర్దుబాటవుతాయి. కాకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. సరుకు హైదరాబాద్‌లోనో, ఆన్‌లైన్‌లోనో కొన్నా మీరుండే ఊళ్లోనే వేసే వీలు సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ–జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో, లేకుంటే మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి, దానికి సిద్ధపడే వెళ్లండి.

ఏం కోరాలన్నదీ ముఖ్యమే. మొత్తం తొంభై వేలూ, పైగా మానసిక వేదనకు ఐదు లక్షలూ అని రాస్తే బెంచి నవ్వుకుంటుంది. కార్ల కేసుల్లో సుప్రీంకోర్టు 2006లో, మళ్లీ 2010లో ఒక సంగతి స్పష్టం చేసింది. భాగం మారిస్తే పోయే లోపానికి మొత్తం వస్తువును మార్చమనలేం, తయారీ లోపం రుజువైతేనే ఆ మాట. అదే కొలత ఇక్కడా వర్తిస్తుంది. లోపమున్న భాగానికి మార్పిడి లేదా వడ్డీతో వాపసు, తిరిగిన ఖర్చులు, సబబైన పరిహారం అడగండి.

కొడుకు ఆడుకునే కంప్యూటర్‌కు డబ్బు కట్టింది తండ్రి కదా అన్న అనుమానం అక్కర్లేదు. కొన్నవారి అనుమతితో వాడేవారూ వినియోగదారులే. అబ్బాయి గేమ్‌లు ఆడుతూ యూట్యూబ్‌లో పెట్టి సొంతంగా నాలుగు రూపాయలు సంపాదిస్తున్నా, అది బతుకుతెరువు కోసం చేసుకునే స్వయం ఉపాధి అయితే చట్టం కాపాడుతుంది. మనుషుల్ని పెట్టుకుని గేమింగ్ కేఫ్ నడిపేవారి కొనుగోలు మాత్రం వాణిజ్య అవసరం కిందికి వస్తుంది. వారికి దారి సివిల్ కోర్టు. ఇక గేమ్ అనగానే రమ్మీ యాప్‌లు గుర్తొచ్చి జంకేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది పందెం కాసే ఆటలను. దానికీ దీనికీ పొంతన లేదు.

ఈఎంఐ మాత్రం ఆపకండి. బ్యాంకుకు మీరు రాసిచ్చిన అప్పు వేరు, షాపుతో మీ కొనుగోలు వేరు. కట్టడం మానేస్తే జరిమానాలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. షాపుకు దాంతో పోయేదేమీ ఉండదు. కడుతూనే, ఆ వాయిదాల రసీదులను, వడ్డీ లెక్కను ఫిర్యాదుకు జతచేసి నష్టం కింద చూపించండి.