తొట్టి కంటే ముందు బల్ల

పిల్లలు చేపలు కావాలని అడిగితే కాదనకండి. కాలువగట్ల మీద పెరిగే గోదావరి పిల్లలకు చేప కొత్తేమీ కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు అయితే ఊరు దాటగానే చెరువులే. అయినా అద్దంలోంచి కళ్లెదుటే ఈదుతున్న గప్పీనో మోలీనో చూస్తూ కూర్చోవడంలో ఉన్న సంబరం వేరు. వేళకి మేత వెయ్యడం, నీళ్లు మార్చడం అలవాటైన పిల్లలకు మరో ప్రాణి బాగోగులు పట్టించుకోవడం వస్తుంది. చేపల గురించీ తొట్టి గురించీ కొట్టువాళ్లు ఎన్నో చెబుతారు. ఆ తొట్టి దేని మీద నిలబడుతుందో మాత్రం మీరే చూసుకోవాలి. అదీ తొట్టి ఇంటికి రాకముందే.

ఘనపుటడుగు నీళ్లు 28 లీటర్లు, అంటే 28 కిలోలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మామూలు తొట్టిలో 50 లీటర్ల పైనే పడతాయి. అద్దాలు, గులకరాళ్లు, మూత కలిపితే 75 కిలోల దాకా వస్తుంది. ఒక ధాన్యం బస్తా అన్నమాట. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదైతే 230 కిలోలు, మూడు బస్తాల పైమాటే. టీవీ బల్ల మీద ధాన్యం బస్తా పెట్టి, అక్కడే ఏళ్ల తరబడి ఉంచే ఇల్లాలు ఎవరూ ఉండరు. తొట్టి పారదర్శకంగా, తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టి పెట్టేస్తాం.

అందుకే ముందు స్టాండు తెచ్చుకోండి. రెండడుగుల తొట్టికైతే దాని మీద 25 కిలోల బియ్యం బస్తాలు మూడు, పెద్దదానికైతే దాని బరువుకు తగినన్ని పేర్చి ఒక రాత్రి ఉంచండి. తెల్లారాక పైపలక ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి పట్టి చూడండి. నడుము దగ్గర పలక దిగితే అది పనికిరాదు. తర్వాత పైమూల మీద చెయ్యి వేసి పక్కకు నెట్టండి. ఊగిందంటే వెనకవైపు ఏటవాలుగా బద్దలు కొట్టించాలి. నిలువు బరువుకు ఆగిన స్టాండు కూడా పక్క ఊపుకు ఒరిగిపోతుంది. పిల్లలు దాన్ని నిలువుగా తొయ్యరు కదా, పక్కనుంచే తోస్తారు.

రాజమండ్రి కలపకి పేరున్న ఊరు. ఏజెన్సీ టేకును తెప్పలుగా కట్టి గోదావరి మీద దించిన కాలం నాటి వ్యాపారం అది. ఇప్పటికీ అడితీలో వెతికితే పాత ఇళ్లు విప్పిన టేకు చెక్క దొరుకుతుంది. నన్నడిగితే దాన్ని మించింది లేదు. కుదరకపోతే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, 18 మిల్లీమీటర్ల మందం, చాలు. పార్టికల్ బోర్డు స్టాండు చూడటానికి బాగుంటుంది, ధర తక్కువ. కానీ నీళ్లు మార్చిన ప్రతిసారీ నాలుగు చుక్కలు కారక మానవు, కోనసీమ నేలలో చెమ్మ సరేసరి. ఆ బోర్డు ఉబ్బి, అంచులు విచ్చుకుని, ఓ రోజు స్క్రూ పట్టు వదిలేస్తుంది. దాన్ని తొట్టి కోసం కొనవద్దు. ఇనుప స్టాండు మంచిదే. వెల్డింగు ముక్కలు ముక్కలుగా కాకుండా అతుకు పొడవునా పడిందో లేదో చూడండి. రెడాక్సైడ్ పూసి, పైన రంగు వేయించండి. కాకినాడ, నరసాపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు తొందరగా పడుతుంది.

మన దగ్గర కట్టే తొట్లకు అడుగు అద్దమే ఆధారం. అది మొత్తం పలకకు ఆని ఉండాలి. ఇనుప చట్రం మీద నేరుగా పెడితే నడుమ అద్దం గాలిలో ఉంటుంది. చట్రం మీద ప్లైవుడ్, దాని మీద అరంగుళం థర్మాకోల్ షీటు పరిచి అప్పుడు తొట్టి పెట్టండి.

ఇక నేల. కడిగిన నీళ్లు బయటికి పోవాలని మన మేస్త్రీలు గదులకు వాటం పెడతారు. అది మంచి పనే, తొట్టికి మాత్రం ఇబ్బంది. ఒకవైపు నీళ్లు ఎక్కువైతే ఆ పక్క అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. రసమట్టం పెట్టి చూసి, తేడా ఉంటే చెక్కముక్కలు స్టాండు కాళ్ల కింద పెట్టండి, తొట్టి కింద కాదు. మూడో వంతు నింపి మళ్లీ చూడండి. నిండా పోశాక ఒక రోజంతా ఆగి, చెమ్మ ఎక్కడా లేదనుకున్నాకే చేపల్ని వదలండి. నీళ్లున్న తొట్టిని జరపవద్దు. మేడ మీదయితే గది నడుమ కాకుండా గోడ పక్కన, దూలం దగ్గరగా పెట్టండి. పెద్ద తొట్టి పెట్టాలనుకుంటే ఇంజనీరును ఒక మాట అడగండి. పాత మండువా ఇంటి చెక్క మిద్దె మీద అసలు వద్దు.

స్టాండుకు ముందువైపు తెరిచి ఉన్న అరలుంటే రెండేళ్ల పిల్లాడికి అవి మెట్లే. తలుపులున్నది తీసుకోండి. ఎత్తు రెండడుగులు మించకపోతే పిల్లలు ఎక్కకుండానే చూడగలరు. ఎంత గట్టి స్టాండయినా ఎల్ క్లాంపులతో గోడకు బిగించండి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గరా, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గరా భూమి కంపించింది. మన గోదావరి లోయకు భూకంపం తెలియనిది కాదు. తొట్టికి వాడేది మామూలు అద్దం, పగిలితే కత్తుల్లా చీలుతుంది. మూత తప్పనిసరి.

స్విచ్‌బోర్డు తొట్టి కింద ఉండకూడదు. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వచ్చేలా వదలండి. వైరు వెంట జారిన చుక్క అక్కడే రాలిపోతుంది. గాలి పంపు నీటిమట్టం కంటే ఎత్తున పెట్టండి, లేదా గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు తగిలించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి చేరతాయి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే పెట్టించండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తియ్యాలని పిల్లలకు మొదటి రోజే నేర్పండి.

ఇప్పటికే మీ ఇంట్లో తొట్టి ఫ్రిజ్ మీదో, షోకేసు అరలోనో ఉంటే దయచేసి వాయిదా వెయ్యకండి. చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్లు తోడేసి, ఈ ఆదివారమే కిందికి దించండి.